పావు సెకను దూరం

2008 ఆగస్టు. బ్లూమింగ్టన్‌లో మేముండే అపార్ట్‌మెంట్ నుంచి ఇండియానా యూనివర్సిటీ స్టేడియానికి నడిచే పోవచ్చు. ఆ వారమంతా పొద్దున లేస్తే చాలు, ఎక్కడినుంచో ఒకటే డ్రమ్ముల మోత. మా ఆయన "ఎవరిదో పెళ్ళి ఊరేగింపు, ముహూర్తం కుదరక తిరుగుతున్నారు" అని నవ్వేవారు. గురువారం సాయంత్రం కూరగాయలకని సంచీ పట్టుకుని బయల్దేరినదాన్ని, కాళ్ళు ఆ మోత వైపే లాక్కుపోతే వెళ్ళి ఒక పార్కింగ్ లాటులో తేలాను.

కుర్రాళ్ళు వరసగా నిలబడి స్నేర్ డ్రమ్ములు వాయిస్తున్నారు. ఏడెనిమిది మంది ఉంటారు. పుల్లలన్నీ ఒకే ఎత్తుకి లేస్తున్నాయి, ఒకే ఎత్తు నుంచి దిగుతున్నాయి. కళ్ళు మూసుకుంటే ఒక్కడే వాయిస్తున్నట్టుంది. తెరిస్తే వరస కనబడుతోంది. నేను ఆ పూట ఒక ఇరవైసార్లు కళ్ళు మూసి తెరిచి ఉంటాను. కూరగాయలు కొనలేదు. శనివారం జరిగే డ్రమ్ కోర్ పోటీల ఫైనల్స్‌కి టికెట్లు కొన్నాను.

ఆ రాత్రి ఫాంటమ్ రెజిమెంట్ అనే ఇల్లినాయి జట్టు, రోమన్ల మీద తిరగబడ్డ బానిస స్పార్టకస్ కథ ఆడింది. చివర్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు "నేనే స్పార్టకస్" అని అరుస్తుంటే, ఆ కథ అంతంతమాత్రంగా తెలిసిన నాకే ఒళ్ళు జలదరించింది. వాళ్ళకి వందకి 98.125 వచ్చింది. రెండో స్థానం బ్లూ డెవిల్స్‌ది, 98.100. తేడా వెయ్యింట పాతిక వంతు. అప్పుడు పక్కవాళ్ళతో కలిసి నేనూ గంతులేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. న్యాయనిర్ణేతల అంకెలకి సగటులు తీసి, వాటిని మళ్ళీ సగం చేస్తే పుట్టిన తేడా అది. చెవికి వినబడే తేడా కాదు.

డ్రమ్ కోర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కోర్ అనే అనాలి, స్పెల్లింగ్ చూసి చివర్న "ప్స్" పలికితే ఇంగ్లీషులో శవమైపోతుంది. ఇందులో ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డ్ మాత్రమే ఉంటాయి. క్లారినెట్టూ ఫ్లూటూ ఉండవు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు పోషించిన బ్యూగిల్ బృందాల నుంచి వచ్చిన ఆట ఇది. ఇప్పుడు దీన్ని నడిపే సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, డీసీఐ, 1971లో పుట్టింది. మొదటి పోటీ 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో జరిగింది, గెలిచింది ఆనహైమ్ కింగ్స్‌మెన్. 2009 నుంచి ఫైనల్స్ ఇండియానాపోలిస్‌లోని లూకస్ ఆయిల్ స్టేడియంలో. ఇరవై రెండు నిండేలోపు పిల్లలు, జట్టుకి నూట యాభై పైచిలుకు మంది, పన్నెండు నిమిషాల లోపు ఒకే ఒక ప్రదర్శన. దాన్నే వేసవంతా బస్సుల్లో తిరుగుతూ, స్కూళ్ళ జిమ్ నేలమీద పడుకుంటూ, రోజుకి పది పన్నెండు గంటలు సాధన చేస్తూ చెక్కుతారు. ఇందుకు వాళ్ళకి ఎవరూ జీతం ఇవ్వరు. వాళ్ళే వేల డాలర్లు ఎదురు కడతారు.

ఈ ఆటకి అసలు శత్రువు పక్క జట్టు కాదు, మైదానం.

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం పొడవు 100 గజాలు, దాదాపు 91 మీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే ఈ మూలనున్న ట్రంపెట్ ఆ మూలనున్న ట్యూబాకి పావు సెకను ఆలస్యంగా వినబడుతుంది. నిమిషానికి 180 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకి ఉండే వ్యవధే సెకనులో మూడోవంతు. పావు సెకను అంటే ఇక మిగిలేదేముంది? ఎవరికి వినబడ్డదాన్ని బట్టి వాళ్ళు వాయిస్తే సంత అవుతుంది. దీనికి వీళ్ళు కనిపెట్టిన ఉపాయం చూడండి. వెనక డ్రమ్ములుంటాయి. ముందు నిలబడి తాళం చూపించే డ్రమ్ మేజర్ చెవుల్ని నమ్మడు. మధ్యలో ఉన్న స్నేర్ కుర్రాడి పాదాలు చూసి చెయ్యి ఊపుతాడు, ఎందుకంటే వెలుగు ఆలస్యం చెయ్యదు. డ్రమ్ములకి ముందున్నవాళ్ళు చేతిని చూడకుండా వెనకనుంచి వచ్చే శబ్దాన్ని వింటారు. ఆ అల తమ మీదుగా పోతున్న క్షణంలో తమ స్వరాన్ని అందులో పడేస్తారు. అలా అల మీద అల ఎక్కి, జనం దగ్గరికి అన్నీ ఒక్కసారే వచ్చి తగులుతాయి. డ్రమ్ముల కన్నా వెనక చిక్కినవాడి పని మరీ కష్టం. వాడు చెవులకి వినబడేదాన్ని నమ్మకూడదు, కళ్ళనే నమ్మాలి. ఇదంతా పరిగెడుతూ, వెనక్కి నడుస్తూ, పక్కకి జారుతూ.

మైదానంలో పిల్లలు ఒక్కసారిగా మనవైపు తిరిగి బాకాలెత్తి వాయించినప్పుడు నా ఛాతీకి తగిలేది అదే, ఆ పావు సెకనుని జయించిన శబ్దం. దానికోసమే ఏటా వెళ్తాను. నా ఫిర్యాదు కూడా దాని గురించే.

ఫిర్యాదు చెప్పేముందు మా నాన్న సంగతి చెప్పాలి. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. పరిషత్తు పోటీలకి నన్నూ తీసుకెళ్ళేవారు. ముందు వరసలో న్యాయనిర్ణేతల బల్ల, దానిమీద ఒక చిన్న దీపం, వాళ్ళ వెనక చాపల మీద మేము. ఊళ్ళో తిరనాళ్ళకి ఆడితే పద్యానికి వన్స్‌మోర్ పడుతుంది, రాగం ఎంతసేపైనా సాగుతుంది. పరిషత్తులో గంట కొట్టేస్తారు. తెల్లవారుజామున ఫలితాలు చదివేదాకా కూర్చుని, బస్సులో ఇంటికొస్తూ దారంతా తిట్టుకోవడం మాకు అలవాటు. నాన్న మాత్రం జడ్జీల్ని ఎప్పుడూ తిట్టలేదు. ఆయన తిట్టింది మైకుని. "మైకు వచ్చాక గొంతులు పోయాయమ్మా" అనేవారు. "ఒకప్పుడు చివరి చాప మీదున్న ముసలమ్మకి వినబడాలని పాడేవాళ్ళు. ఇప్పుడు ఆ ఇనపముక్కకి వినబడితే చాలు."

అందుకే మైకు మీద నేను చెప్పే మాటని కాస్త అనుమానంగానే వినండి. ఇది వారసత్వంగా వచ్చిన సణుగుడు కావచ్చు.

డీసీఐలో 2004లో మైకులకి అనుమతి వచ్చింది, 2009లో సింథసైజర్లకి. 2014 నుంచి ట్రాంబోన్లూ ఫ్రెంచ్ హార్న్‌లూ కూడా రావచ్చన్నారు. మార్పు వచ్చినప్పుడల్లా పాతకాపులు ఆట చచ్చిపోయిందన్నారు. నేను అనలేదు. మైకులు రాకముందు మరింబా అనే చెక్కపలకల వాద్యం వాయించే పిల్లలు స్టేడియం పైవరసకి వినబడాలని గట్టి పుల్లలతో దాన్ని బాదేవాళ్ళు. పాత వీడియోలు వినండి, రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుంటుంది. మైకు వచ్చాక ఆ పిల్లలకి మెత్తగా వాయించే హక్కు వచ్చింది. దీన్ని కాదనడానికి నాకు మనసొప్పదు.

2014లో బ్లూకోట్స్ ఆడిన "టిల్ట్" విన్నప్పుడు ఇంకో మెట్టు దిగాను. ఒహాయో జట్టు. సింథసైజర్ స్వరం నెమ్మదిగా వంగి కిందికి జారుతుంటే, దానితోపాటు బాకాలన్నీ కలిసి జారాయి. స్టేడియం నేలే ఒకవైపు ఒరిగినట్టనిపించి కుర్చీ చెయ్యి పట్టుకున్నాను. మా నాన్న ఉంటే ఆయనా ఒప్పుకునేవారు, అది యంత్రం పనే కాదు, గమకం. వాళ్ళకి రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం బ్లూ డెవిల్స్‌కి, 99.650తో. డీసీఐ చరిత్రలో అంతకుమించిన స్కోరు ఇప్పటిదాకా లేదు.

కాబట్టి నా రూలు చిన్నది. బాకా చెయ్యలేని పని స్పీకరు చేస్తే అది సంగీతం. బాకా చెయ్యగల పనే స్పీకరు చేస్తే అది దొంగతనం.

దొంగతనం రోజూ జరుగుతోంది. ట్యూబాలు మోసేవాళ్ళు పదహారు మంది ఉండగా, వాళ్ళ కింద సింథసైజర్ నుంచి ఒక లావుపాటి మోత వదులుతారు. అభిమానులు దాన్ని "గూ" అంటారు, జిగురులాంటి పదార్థానికి ఇంగ్లీషులో వాడే మాట. సరిగ్గా అలాగే అన్నిటికీ అంటుకుంటుంది. పైగా లూకస్ ఆయిల్‌కి కప్పుంది. ఆ మోత గోడలకి కొట్టుకుని తిరిగొచ్చేసరికి ఏది పిల్లాడిదో ఏది కరెంటుదో తేల్చడం నావల్ల కాదు.

మా వీధిలో ఒక తెలుగబ్బాయి ఉండేవాడు. హైస్కూల్ బ్యాండులో బేస్ డ్రమ్. డ్రమ్ కోర్‌కి ఆడిషన్ ఇచ్చి నెగ్గాడు. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, "అక్కా, మీరైనా చెప్పండి వీడికి. అందరి పిల్లలూ ఇంటర్న్‌షిప్ అంటుంటే వీడు వేసవంతా బస్సుల్లో తిరుగుతాడట, దానికి మనమే డబ్బు కట్టాలట" అంది. నేను ఎవరి పక్షమో తెలియక నన్ను అడిగింది పాపం. చివరికి వెళ్ళాడు. ఆగస్టులో తిరిగొచ్చినప్పుడు చూడాలి వాణ్ణి. చీలమండ పైన సాక్సు గీత దగ్గర్నుంచి కాలు ఇద్దరు వేరే మనుషులదన్నట్టుంది. పైన కాల్చిన వంకాయ, కింద పిండి. నడుముకి కట్టుకున్న చిన్న పుస్తకం చూపించాడు, డాట్ బుక్ అంటారట. ఒక్కో పేజీలో ఒక్కో చోటు: 40 గజాల గీతకి రెండడుగులు లోపల, ముందు హాష్‌కి (మైదానం పొడవునా ఉండే చిన్న గీతల వరస) ఐదడుగులు వెనక, ఇక్కణ్ణుంచి పదహారు అంకెల్లో తర్వాతి పేజీకి. ఐదు గజాలకి ఎనిమిది అడుగులు, అంటే అడుగుకి 22.5 అంగుళాలు. చెమటకి పేజీల మూలలన్నీ ఉబ్బిపోయి, పెన్సిల్ గీతలు అలికిపోయి ఉన్నాయి. వాళ్ళమ్మ దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి లైటు కింద పేజీ పేజీ తిప్పింది. ఇంటర్న్‌షిప్ మాట మళ్ళీ ఎత్తలేదు.

వాడు వాయించేది మూడో డ్రమ్. బేస్ డ్రమ్ములు ఐదుంటాయి, చిన్నదాన్నుంచి పెద్దదాకా. ఒక వేగమైన వరసని ఐదుగురూ పంచుకుంటారు, ఒక్కొక్కడికీ ఒక్కో దెబ్బ. పక్కవాడి దెబ్బకీ తన దెబ్బకీ మధ్య సెకనులో పదో వంతు కూడా ఉండదు. ఒకడు తడబడితే మెట్లలో ఒక మెట్టు ఊడినట్టు అందరికీ తెలుస్తుంది. తెలియాలి. ఒకసారి సెమీఫైనల్లో వాడి దెబ్బ పడలేదట. ఆ రాత్రి లాటులో కలిసినప్పుడు నెమ్మదిగా చెప్పాడు. "ఆంటీ, మీకు తెలిసిందా?" లేదన్నాను, నిజంగానే. జడ్జీలు వింటూ మాట్లాడి రికార్డు చేసిన దాంట్లో కూడా ఆ ప్రస్తావన లేదట. సరిగ్గా ఆ చోట కింద గూ నడుస్తోంది మరి. వాడికి ప్రాణం లేచొచ్చింది.

నాకు మాత్రం ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. వాడు కొట్టకపోతే వినబడని దెబ్బ, కొట్టిన రోజున మాత్రం ఎవరికి వినబడినట్టు?

ఇది పిల్లల తప్పు కాదు, జడ్జీల తప్పు కూడా పూర్తిగా కాదు. నా వేలు చూపేది మార్కుల కాగితం వైపు. వందలో నలభై "జనరల్ ఎఫెక్ట్"కి, అంటే షో మొత్తంగా వేసే ముద్రకి, ముప్ఫై దృశ్యానికి, ముప్ఫై సంగీతానికి. ఆ ముప్ఫైల్లో కూడా రచన ఎంత బాగుందన్నదానికి వాటా ఉంది. రచన చేసేది పిల్లలు కాదు, ఏళ్ళ తరబడి ఇదే పనిలో ఉన్న పెద్దవాళ్ళు. దీనికి జవాబు నాకు తెలుసు: "రచన ఎంత గొప్పదైనా దాన్ని పండించాల్సింది పిల్లలే కదా, ఆ మార్కులు వాళ్ళవే." కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ మైదానం మీద రెండంతస్తుల మేడ నిలబెట్టి దాని వెనకనుంచి మైకులో ఒక సోలో వినిపిస్తే వచ్చే ఎఫెక్ట్‌లో, పరిగెడుతూ పావు సెకనుతో కుస్తీ పడుతున్న వందమందికి వాటా ఎంత?

పాత పద్ధతికి పోదామా అంటే, వద్దు బాబోయ్. 1983 దాకా టిక్ పద్ధతి ఉండేది. జడ్జీలు అట్టలు పట్టుకుని మైదానంలో తిరుగుతూ, తప్పు కనబడ్డప్పుడల్లా ఒక గీత గీసేవారు. గీతకి 0.1 కోత. పరీక్ష పేపరు దిద్దినట్టే. కష్టమైనది ప్రయత్నిస్తే నష్టం, సులువైనది శుభ్రంగా చేస్తే లాభం. 1984లో దాన్ని తీసేశారు కాబట్టే ఆ తర్వాతి సాహసాలన్నీ వచ్చాయి. నేనడిగేది గీతలు కాదు. ఎఫెక్ట్ నలభైలో ఒక పది తీసి బాకాలూ డ్రమ్ములూ పాదాలకి ఇవ్వండి అంటున్నాను, అంతే. జట్లు మార్కులెక్కడుంటే అక్కడికే పోతాయి. గూ తనంతట తానే పల్చబడుతుంది.

రచన మీద నాకు కోపమనుకోకండి. 1993లో స్టార్ ఆఫ్ ఇండియానా "మెడియా" ఆడింది, మా బ్లూమింగ్టన్ జట్టే. అక్కడక్కడ జనం బూ అన్నారు. చల్లగా ఉంది, పాట లేదు, చప్పట్లు కొట్టే చోటివ్వలేదు అని. న్యూజెర్సీలోని గార్ఫీల్డ్ అనే ఊరి నుంచి ఎదిగిన కేడెట్స్ జట్టు చేతిలో 97.4కి 97.3తో ఓడిపోయింది. ఆ తర్వాత పోటీల నుంచే తప్పుకుని రంగస్థలం వైపు వెళ్ళింది. నేను వీడియోలో మొదటిసారి చూసినప్పుడు పది నిమిషాలకే ఆపేశాను. మూడోసారికి గాని కళ్ళు తెరుచుకోలేదు. అందులో ఒక్క కదలికా ఊరికే లేదు. ఇవాళ మైదానాల్లో కనబడే సగం ఆలోచనలు అక్కణ్ణుంచి వచ్చినవే. జనం చప్పట్లే తీర్పు అనుకునేవాళ్ళకి నేను చూపించేది అదే. కానీ గమనించండి, ఆ షోలో మైకు లేదు. ఆ చలి అంతా పిల్లల ఊపిరితోనే పుట్టింది.

బ్లూ డెవిల్స్ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు, చెబితే నాకు శత్రువులు పెరుగుతారు. కాలిఫోర్నియాలోని కాంకర్డ్ జట్టు, 21 సార్లు ఛాంపియన్లు. మన తరానికి ఒకప్పటి ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు ఎలాగో ఇదీ అలాగే. ఎప్పుడోడిపోతారా అని చూడ్డానికే సగంమంది టికెట్టు కొంటారు. ఏ ఒక్క స్నేర్ పుల్లా పక్కదానికన్నా ఎత్తు లేవదు. 99.650 వచ్చిన రాత్రి నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, గౌరవంతో. కానీ చేతుల మీద వెంట్రుకలు లేవలేదు. నా లోపమేనేమో. వాళ్ళ కష్టం నాకు కనబడదు, అంత బాగా దాచేస్తారు. నాకేమో కష్టం కొంచెం కనబడాలి. పద్యం పాడేవాడి మెడ నరాలు చూస్తూ పెరిగినదాన్ని.

2021 గుర్తొస్తుంది అప్పుడప్పుడు. కోవిడ్ వల్ల అంతకుముందు ఏడాది సీజన్ రద్దయింది. ఆ ఏడాది జట్లు వచ్చాయి గాని మార్కులు లేవు. చిన్న షోలు, తక్కువ సాధన, మైదానం మీద మేడలూ మెట్లూ అంతగా లేవు. మార్కుల్లేని స్వర్గం అని నేను రాయాలి ఇక్కడ. రాయలేను. పది నిమిషాలు తిరక్కుండానే మా వరసలోవాళ్ళు పాప్‌కార్న్ డబ్బా మీద సొంత మార్కులు వేసి కొట్టుకోవడం మొదలెట్టారు. ఆ డబ్బా మీద మూడోస్థానం ఎవరిదన్న దగ్గర నా గొంతే అందరికన్నా పైన ఉంది.

ఖర్చుల సంగతి క్లుప్తంగా. 2023లో శాంటా క్లారా వాన్‌గార్డ్ డబ్బులు చాలక ఒక సీజన్ మానుకుంది, మళ్ళీ వచ్చింది. 1934లో పుట్టిన కేడెట్స్ 2024లో మూతపడింది. అక్కడి కారణం వేరు, పాత లైంగిక వేధింపుల మీద పడ్డ దావా. నష్టపోయిన మనుషుల ముందు జట్టు పోయిందన్న నా బాధ చిన్నదే. అయినా రెండు జట్లు తడబడటం చూశాక, ఒక్క షో కోసం ట్రక్కుల నిండా మోసుకొచ్చే మెట్లూ మేడలూ చూస్తే లెక్కలే గుర్తొస్తాయి.

కొత్తగా చూడబోయేవాళ్ళకి ఒక్క సలహా. ఫైనల్స్ మాత్రమే కొనకండి. దానికి రెండు రోజుల ముందు, గురువారం పొద్దున్నే వెళ్ళండి. చిన్న జట్లు అప్పుడే దిగుతాయి. నలభై యాభై మంది కూడా ఉండరు కొన్నింటిలో, గూ కొనే స్తోమతుండదు. స్టేడియం ఖాళీగా ఉంటుంది, తప్పులు ఖణేలుమని వినబడతాయి, ఒప్పులూ అంతే.

పోయిన ఏడాది, 2025లో, బోస్టన్ క్రూసేడర్స్ గెలిచింది. 1940లో పుట్టిన జట్టుకి అదే మొదటి టైటిల్, ఎనభై ఐదేళ్ళకి. గూ వాళ్ళ దగ్గరా తక్కువేం లేదు. అయినా అరిచి అరిచి రెండు రోజులు గొంతు రాలేదు నాకు. చెప్పాను కదా, ఈ విషయంలో నన్ను పూర్తిగా నమ్మకండి.

ఆ శనివారం గేట్లు తెరవకముందు ఎప్పట్లాగే లాటులో తిరుగుతున్నాను. ఒక చెట్టుకింద బేస్ డ్రమ్ముల వాళ్ళు ఐదుగురు. ఏ జట్టో రాయను. గ్యాలన్ నీళ్ళ జగ్గులు గట్టుమీద వరసగా పెట్టి ఉన్నాయి. వరస మొదలైంది, ఒకటి, రెండు, మూడోది పడలేదు, నాలుగు, ఐదు. ఎవరూ ఎవర్నీ చూడలేదు. మళ్ళీ మొదలెట్టారు. ఈసారి మూడోది ఒక వెంట్రుకవాసి ముందు పడింది. మళ్ళీ. ఫోన్ మోగింది, మా ఆయన. "ఎక్కడున్నావ్? మొదటి జట్టు దిగుతోంది, సీటు దగ్గరికి రా."

"వస్తున్నా, ఇంకొక్కసారి వాయిస్తారు," అన్నాను.